నిలవ బ్రెడ్డుతో ఫ్రెంచ్ టోస్ట్: బిరుసు చేసే మేలు

మిగిలిపోయిన బ్రెడ్డు రెండు మూడు రోజులకు బిరుసెక్కితే దానితో ఏం చేయాలన్న ప్రశ్నకు చాలా వంటిళ్లలో దొరికే సమాధానం ఫ్రెంచ్ టోస్ట్. గుడ్లు, పాలు, చక్కెర కలిపి గిలక్కొట్టి, అందులో ముక్కలు ముంచి, పెనంమీద వెన్న వేసి రెండు వైపులా కాలిస్తే అయిపోతుంది కాబట్టి దీన్ని ఒక వంటగా లెక్కించడానికి కూడా కొందరు ఇష్టపడరు. అయినా అవే పాళ్లతో, అదే పెనంమీద, ఒకరోజు పైన కరకరలాడుతూ లోపల మీగడలా మెత్తగా వచ్చినది మరొకరోజు నడుమ పచ్చిసొన కారుతూ, అంచులు తడిసిన అట్టలా సాగుతూ వస్తుంది. ఈ తేడాకు కారణాన్ని గుడ్ల లెక్కలోనో మంటలోనో వెతకడం సహజమే కానీ, అది ఎక్కువసార్లు బ్రెడ్డు ఏ స్థితిలో ఉన్నదన్న దానిలోనే దొరుకుతుంది. నిలవ బ్రెడ్డు వాడడం పొదుపు కోసం పడే సర్దుబాటు అన్న అభిప్రాయం బలంగా ఉన్నా, ఈ వంటకం వరకు మాత్రం తాజా బ్రెడ్డే నాసిరకపు సరుకు. అలా ఎందుకన్నది అర్థం కావాలంటే ముందు బ్రెడ్డు పాతబడడం అంటే ఏమిటో చూడాలి.

పాతబడడమంటే ఎండిపోవడమేనని అనుకోవడం పరిపాటి. ఇది సగం మాత్రమే నిజమని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఝాఁ బాప్టిస్ట్ బూసింగో 1852లోనే చూపించాడు. తేమ ఏమాత్రం బయటికి పోకుండా మూసి ఉంచిన బ్రెడ్డు కూడా బిరుసెక్కుతుందని, అలా బిరుసెక్కినదాన్ని తిరిగి వేడిచేస్తే, ఆ వేడికి మరికొంత నీరు పోయినా కూడా, మళ్లీ మెత్తబడుతుందని ఆయన ప్రయోగాల్లో తేలింది. నీరు తగ్గడమే బిరుసుకు కారణమైతే ఇంకా నీరు తగ్గినప్పుడు బ్రెడ్డు మరింత గట్టిపడాలి తప్ప మెత్తబడకూడదు. కాబట్టి బిరుసుకు మూలం నీరు ఎంత ఉన్నదన్న దానికంటే, ఉన్న నీరు, పిండిపదార్థం ఒకదానితో ఒకటి ఎలా అమరి ఉన్నాయన్న దానిలో ఉంది.

గోధుమపిండిలోని పిండిపదార్థం, అంటే స్టార్చ్, ప్రధానంగా రెండు రకాల అణువులతో తయారవుతుంది. అందులో సుమారు పాతిక శాతం ఉండే అమైలోజ్ పొడవాటి గొలుసులా ఉంటుంది; మిగిలిన ముప్పాతిక భాగమైన అమైలోపెక్టిన్ కొమ్మలు రెమ్మలు వేసిన చెట్టులా ఉంటుంది. పచ్చిపిండిలో ఇవి చిన్న చిన్న రేణువుల్లో గట్టిగా, క్రమంగా పేర్చినట్టు ఉంటాయి. ఓవెన్‌లో పిండిముద్ద వేడి 60 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చేరేసరికి రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బి, ఆ పేర్పు చెదిరి, జిగురు జిగురుగా మారతాయి. తాజా బ్రెడ్డులోని మెత్తదనం ఈ చెదిరిన స్థితిదే. బ్రెడ్డు చల్లారుతున్నప్పుడు అణువులు మళ్లీ దగ్గరికి చేరడం మొదలవుతుంది. అమైలోజ్ కొన్ని గంటల్లోనే గట్టిపడిపోతుంది. రొట్టె వేడివేడిగా ఉన్నప్పుడు ముద్దగా నలిగి, చల్లారాక చక్కగా కోతకు రావడానికి కారణం అదే. అమైలోపెక్టిన్ మాత్రం నిదానంగా, రోజుల తరబడి, తన రెమ్మలను తిరిగి వరసలో పేర్చుకుంటూ పోతుంది. బ్రెడ్డు రోజురోజుకూ బిరుసెక్కడం అంటే ఎక్కువగా ఈ రెండో మార్పే.

ఈ మార్పు గడ్డకట్టని చల్లదనంలో, అంటే ఫ్రిజ్‌లో ఉండే 4 డిగ్రీల దగ్గర, గది వాతావరణంలో కంటే వేగంగా సాగుతుంది. డీప్ ఫ్రీజర్‌లో −18 డిగ్రీల దగ్గర దాదాపు ఆగిపోతుంది. బ్రెడ్డును తాజాగా ఉంచాలని ఫ్రిజ్‌లో పెట్టేవారు అందుకు సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తున్నట్టే. బూజు పట్టడం ఆలస్యమవుతుందన్నది నిజమే కానీ, బిరుసు మాత్రం త్వరపడుతుంది. విచిత్రమేమిటంటే, ఫ్రెంచ్ టోస్ట్ చేసే ఉద్దేశం ఉన్నప్పుడు ఈ పొరపాటే పనికొస్తుంది. బూజు రాకుండా బిరుసు రావడం కంటే ఈ వంటకానికి కావలసింది ఏముంది?

బిరుసుతో పాటు మరో మార్పు కూడా జరుగుతుంటుంది. ఓవెన్ నుంచి తీసిన బ్రెడ్డు లోపలి భాగంలో 40 నుంచి 45 శాతం నీరు ఉంటే, పైపెచ్చులో అందులో సగం కూడా ఉండదు. ఆ తేడా వల్ల లోపలి తేమ నెమ్మదిగా పైపెచ్చు వైపు కదులుతుంది. అందుకే మూసి ఉంచిన బ్రెడ్డులో పెచ్చు తోలులా సాగుతుంది, లోపలి భాగం పొడిబారుతుంది. మూత లేకుండా ఉంచితే ఆ తేమ గాలిలోకి పోయి బ్రెడ్డు నిజంగానే ఎండుతుంది. కాబట్టి నిలవ బ్రెడ్డు అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులున్నాయి: పిండిపదార్థం బిరుసెక్కడం ఒకటి, నీరు తగ్గడం మరొకటి. ఫ్రెంచ్ టోస్ట్‌లో ఈ రెండింటికీ వేర్వేరు పనులున్నాయి. నీరు తగ్గడం వల్ల గుడ్డు, పాల మిశ్రమాన్ని పీల్చుకునేందుకు చోటు దొరుకుతుంది. బిరుసెక్కడం వల్ల, పీల్చుకున్న తరవాత కూడా లోపలి గాలిగదుల గోడలు కూలిపోకుండా నిలుస్తాయి.

తాజా బ్రెడ్డులో ఈ రెండూ ఉండవు. దాని గోడలు అప్పటికే నీటితో నిండి మెత్తగా ఉంటాయి. మిశ్రమం తగిలిన వెంటనే పైపొర ముద్దయి రంధ్రాలను మూసేస్తుంది. లోపలికి పోవలసిన ద్రవం పైనే నిలిచిపోతుంది. మరికొంచెం సేపు ఉంచితే లోపలికి పోతుంది కానీ, అప్పటికి ముక్కను ఎత్తబోతే మధ్యకు విరిగి గిన్నెలోనే ఉండిపోతుంది. అంటే తాజా బ్రెడ్డుతో చేసినప్పుడు రెండు దారులే మిగులుతాయి: పైన మాత్రం గుడ్డు అంటుకుని లోపల ఒట్టి బ్రెడ్డుగా ఉండే ముక్క, లేదా నడుమ ఉడకని ముద్దగా ఉండే ముక్క. మొదటిది తినదగినదే అయినా దాన్ని గుడ్డు పూసిన బ్రెడ్డు అనవచ్చు తప్ప ఫ్రెంచ్ టోస్ట్ అనడం కష్టం.

బిరుసు గురించి చెప్పుకోవలసిన అసలు విశేషం పెనంమీద కనిపిస్తుంది. అమైలోపెక్టిన్ తిరిగి కట్టుకున్న వరస 60 డిగ్రీల దాకా వేడెక్కగానే మళ్లీ కరిగిపోతుంది. బూసింగో చూసిన మెత్తబడడం ఇదే. పాత బ్రెడ్డును ఊరికే వేడిచేస్తే ఈ మెత్తదనం కొద్దిసేపే నిలిచి, చల్లారగానే మళ్లీ బిరుసెక్కుతుంది. కానీ ఫ్రెంచ్ టోస్ట్‌లో అలా వదులైన పిండిపదార్థం చుట్టూ ఈసారి ఒట్టి తేమ మాత్రమే కాకుండా పాలు, గుడ్డు, కొవ్వు సమృద్ధిగా ఉంటాయి. అది వాటిని పట్టుకుని ఉబ్బుతుంది, ఆ వెంటనే గుడ్డు గట్టిపడి దాన్ని ఆ ఉబ్బిన స్థితిలోనే నిలబెడుతుంది. ముంచేటప్పుడు ఆకారాన్ని కాపాడిన బిరుసు, కాల్చేటప్పుడు తన పని అయిపోగానే తప్పుకుంటుందన్నమాట. తిన్నవారికి అది పాత బ్రెడ్డని తెలియకపోవడానికి కారణం చక్కెరా దాల్చినచెక్కా కాదు, ఈ మార్పే.

అందువల్ల ఫ్రెంచ్ టోస్ట్‌ను రొట్టె వంటకంగా కంటే కస్టర్డ్‌గా చూడడం మేలు. గుడ్డు, పాలు కలిపి నిదానంగా వేడిచేస్తే గట్టిపడే మెత్తటి పదార్థం కస్టర్డ్. ఇక్కడ దాన్ని గిన్నెలో కాకుండా బ్రెడ్డు రంధ్రాల్లో పోసి గట్టిపరుస్తున్నాం. గుడ్డులోని తెల్లసొన ఒంటరిగా ఉన్నప్పుడు 62 డిగ్రీల దగ్గర, పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల మధ్య గట్టిపడడం మొదలవుతుంది. పాలు, చక్కెర కలిసినప్పుడు గుడ్డులోని ప్రోటీన్ అణువులు ఒకదానికొకటి దూరమై, అవి అల్లుకోవడానికి మరింత వేడి కావాలి. కాబట్టి కస్టర్డ్ 80 డిగ్రీల ప్రాంతంలో నిలుస్తుంది. అంతకు మించి వేడెక్కుతూ పోతే ప్రోటీన్లు బిగుసుకుపోయి పట్టి ఉంచిన నీటిని వదిలేస్తాయి, అంటే కస్టర్డ్ విరుగుతుంది. ముక్కను కోసినప్పుడు నీరు కారడానికి లోపల ఉడకకపోవడమే కాక, ఎక్కువ ఉడకడం కూడా కారణం కావచ్చు. ఈ రెండింటినీ వేరుచేయడానికి సులువైన గుర్తు ఉంది: ఉడకనప్పుడు కారేది పసుపుగా, చిక్కగా ఉంటుంది, విరిగినప్పుడు కారేది పలచగా, నీళ్లలా ఉంటుంది.

పాళ్ల విషయంలో వంటకాలు చెప్పేవారు ఎవరి లెక్క వారు చెబుతారు. ఆ లెక్కలను గుడ్లతో కాకుండా బ్రెడ్డు బరువుతో మొదలుపెడితే గందరగోళం తగ్గుతుంది. బాగా పాతబడిన బ్రెడ్డు తన బరువుకు సమానం నుంచి ఒకటిన్నర రెట్ల వరకు ద్రవాన్ని పట్టుకోగలదు. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న నాలుగు ముక్కలు సుమారు 180 గ్రాములు ఉంటాయనుకుంటే, రెండు గుడ్లు, అదనంగా ఒక పచ్చసొన, 150 మిల్లీలీటర్ల పాలు, ఒక పెద్ద చెంచా చక్కెర, చిటికెడు ఉప్పు వాటికి సరిపోతాయి. బ్రెడ్డు ఒక్కరోజు నిలవదే అయితే పాలు 100 మిల్లీలీటర్లకు తగ్గించడం మంచిది, ఎందుకంటే పట్టుకోగల చోటు తక్కువగా ఉన్నప్పుడు వెళ్లే కొద్దిపాటి ద్రవం త్వరగా గట్టిపడేంత చిక్కగా ఉండాలి.

అదనపు పచ్చసొన ఎందుకన్న ప్రశ్న రావచ్చు. ఫ్రెంచ్ టోస్ట్ నచ్చనివారు చాలామంది చెప్పే కారణం గుడ్డు వాసన. ఆ వాసన ఎక్కువగా తెల్లసొనది. దాని ప్రోటీన్లలో ఉండే గంధకం వేడికి హైడ్రోజన్ సల్ఫైడ్‌గా విడుదలవుతుంది. తెల్లసొనలో 90 శాతం నీరే. మిగిలినది దాదాపు అంతా ప్రోటీన్. పచ్చసొనలో సగం నీరైతే, మూడోవంతుకు దగ్గరగా కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వును నీటితో కలిపి ఉంచే లెసిథిన్ కూడా అందులోనే ఉంటుంది. కాబట్టి తెల్లసొన వంతు తగ్గించి పచ్చసొన వంతు పెంచితే వాసన తగ్గుతుంది, లోపలి భాగం రబ్బరులా సాగకుండా మెత్తగా వస్తుంది. పూర్తిగా పచ్చసొనలతోనే చేయడం మాత్రం అతి. అప్పుడు ముక్క బరువుగా, నోటికి జిడ్డుగా తోస్తుంది.

గుడ్లను గిలక్కొట్టడంలో చూపే అశ్రద్ధ ఫలితంలో వెంటనే కనబడుతుంది. తెల్లసొనలో ఒక భాగం చిక్కని జిగురుగా ఉండి, పాలలో సులభంగా కలవదు. సరిగా కలవని ఆ తీగలు బ్రెడ్డులోకి ఇంకలేక పైనే అతుక్కుని, పెనంమీద తెల్లటి మచ్చలుగా గట్టిపడతాయి. ముందుగా గుడ్లను ఉప్పు, చక్కెరలతో మాత్రమే గిలక్కొట్టి, తీగలు తెగాక పాలు కొంచెం కొంచెంగా పోసి, చివరికి జల్లెడలో వడకట్టితే ఈ ఇబ్బంది ఉండదు. వడకట్టడం ఒక నిమిషం పని. చాలామంది వదిలేసేది కూడా అదే. చక్కెర విషయంలో జాగ్రత్త అవసరం. మిశ్రమంలో అది ఎక్కువైతే లోపల ఉడికేలోగానే పైన మాడుతుంది కాబట్టి, తీపి ఎక్కువ కావాలనుకుంటే వడ్డించేటప్పుడు తేనె పోయడం గానీ, దించే ముందు పైన కొద్దిగా చల్లి తిరగవేసి పాకం పట్టించడం గానీ మేలు. దాల్చినచెక్క పొడి నీటిలో కలవదు. పాలమీద తేలుతూ మొదటి ముక్కకే అంతా అంటుకుపోతుంది. దాన్ని ముందుగా చక్కెరతో కలిపితే కొంతవరకు సమంగా పరుచుకుంటుంది.

ఎంతసేపు ముంచాలన్నది గడియారం చూసి తేల్చగలిగే విషయం కాదు. సన్నగా కోసిన, ఒక రోజు నిలవ ఉన్న ముక్కకు ఒక్కో వైపు పది పదిహేను సెకన్లు చాలు. రెండు సెంటీమీటర్ల మందంతో, మూడు రోజులు బయట ఉన్న ముక్కకు ఒక్కో వైపు ఒకటి రెండు నిమిషాలు కావాలి. రాయిలా ఎండిన ముక్కలకు పదిహేను నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. వాటిని లోతు తక్కువ పళ్లెంలో ఒకే వరసలో పరిచి, మధ్యలో ఒకసారి తిప్పాలి. చేతితో చూసుకోవడమే సరైన పరీక్ష. ముక్క నడుమ వేలితో నొక్కితే గట్టి పలుకు తగలకూడదు, ఎత్తినప్పుడు వంగాలి కానీ తెగకూడదు. ఎత్తాక కొద్ది క్షణాలు గిన్నెమీదే పట్టుకుని అదనపు ద్రవాన్ని కారనివ్వడం అవసరం. పైన నిలిచిన తడి అంతా ఆవిరైపోయేదాకా ముక్క ఉపరితలం 100 డిగ్రీలు దాటదు, అది దాటకుండా ఎర్రబడడం జరగదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దుకాణాల్లో సంచిలో దొరికే కర్మాగారపు బ్రెడ్డు నాలుగు రోజులైనా పాతబడినట్టు కనిపించదు, ఎందుకంటే దాన్ని అలా ఉండేటట్టే తయారుచేస్తారు. పిండిపదార్థం తిరిగి వరస కట్టకుండా అడ్డుపడే మోనో, డై గ్లిజరైడ్ల వంటి ఎమల్సిఫయర్లు (కొవ్వును నీటితో కలిపి ఉంచే పదార్థాలు), అమైలోపెక్టిన్ రెమ్మలను కత్తిరించే ఎంజైములు అందులో కలుపుతారు. అటువంటి బ్రెడ్డు విషయంలో తేదీ చూసి పాతదనుకోవడం మోసపోవడమే. దాన్ని ఎండబెట్టాలి. ముక్కలను జాలీ పళ్లెంమీద రాత్రంతా ఆరనివ్వవచ్చు, లేదా 120 నుంచి 150 డిగ్రీల ఓవెన్‌లో పదిహేను ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ, రంగు మారకుండా ఆరబెట్టవచ్చు. ఓవెన్ వేడికి బిరుసు కరిగిపోతుంది కదా అన్న సందేహం న్యాయమైనదే. అయితే నీరు బాగా తగ్గినప్పుడు పిండిపదార్థం, గ్లూటెన్ అనే గోధుమలోని సాగే ప్రోటీన్ రెండూ గాజులా పెళుసైన స్థితికి చేరి, ముంచినప్పుడు కొంతసేపు ఆకారాన్ని అవే నిలబెడతాయి. ఎండటం, బిరుసెక్కడం రెండింటిలో ఒక్కటే దొరికే పరిస్థితి వస్తే ఎండటాన్నే ఎంచుకోవాలి. పీల్చుకోలేని బ్రెడ్డు ఎంత దృఢంగా ఉన్నా ఈ వంటకానికి ఉపయోగం లేదు.

బ్రెడ్డు రకాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. గుడ్లు, వెన్న చేర్చి చేసే బ్రియోష్ వంటి రొట్టెలు కొవ్వు ఎక్కువ ఉండడం వల్ల నిదానంగా పాతబడతాయి, పాతబడ్డాక మాత్రం ఈ వంటకానికి వాటిని మించినవి లేవు. పెద్ద పెద్ద రంధ్రాలుండే పులిసిన రొట్టెల్లో ద్రవం నిలవకుండా కిందికి కారిపోతుంది. వాటి పులుపు కొందరికి నచ్చుతుంది, కొందరికి నచ్చదు. తవుడుతో సహా చేసిన గోధుమ బ్రెడ్డులో తవుడు పలుకులు గ్లూటెన్ అల్లికను తెంపుతాయి కాబట్టి ముక్కలు తొందరగా చితుకుతాయి, ముంచే సమయం తగ్గించుకోవాలి.

పెనం దగ్గర జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: మంట ఎక్కువ పెట్టడం. తడి ముక్క పైభాగం ఎర్రబడడానికి కావలసిన వేడికి, లోపలి కస్టర్డ్ నిలవడానికి కావలసిన వేడికి చాలా దూరం ఉంది. ఎర్రబడడం అంటే పాలలోని లాక్టోజ్ వంటి చక్కెరలు ప్రోటీన్లతో కలిసి రంగునూ రుచినీ పుట్టించే చర్య; 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయార్ పేరిట మయార్ చర్య అంటారు. ఇది 140 డిగ్రీలు దాటాక వేగం పుంజుకుంటుంది. లోపల కావలసింది 80 డిగ్రీలే అయినా, ఆ వేడి అంచెలంచెలుగా నడుమకు చేరడానికి సమయం పడుతుంది. పెద్ద మంటమీద పైపొర రెండు నిమిషాల్లో నల్లబడుతుంది, నడుమ భాగం అప్పటికి గోరువెచ్చగా ఉంటుంది. మధ్యస్థం కంటే కొంచెం తక్కువ సెగమీద ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కాల్చినప్పుడే రెండు పనులూ ఒకేసారి పూర్తవుతాయి. ముక్కలను పెనంమీద ఇరికించి పెడితే వెలువడే ఆవిరి వాటి మధ్యే చిక్కుకుని, అవి కాలడానికి బదులు ఉడుకుతాయి.

నడుమ ఉడికిందో లేదో కోసి చూడకుండానే తెలుసుకునే దారి ఉంది. లోపలి నీరు ఆవిరిగా మారడం మొదలైనప్పుడు, గట్టిపడిన గుడ్డు ఆ ఆవిరిని పట్టి ఉంచడం వల్ల ముక్క నడుమ కొద్దిగా పొంగుతుంది. వేలితో తాకితే లోపలికి దిగబడకుండా తిరిగి లేస్తుంది. పొంగని ముక్కను దించకూడదు. ముక్క మందం రెండున్నర సెంటీమీటర్లు మించితే పెనాన్నే నమ్ముకోవడం వృథా. రెండు వైపులా రంగు వచ్చాక 175 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది పది నిమిషాలు ఉంచితే లోపల సమంగా నిలుస్తుంది. గుడ్డు చేర్చిన వంటకాల లోపలి వేడి కనీసం 71 డిగ్రీలకు చేరాలని అమెరికా ఆహార భద్రతా మార్గదర్శకాలు చెబుతాయి. కస్టర్డ్ సరిగా నిలిచిన ముక్క ఆ గీతను ఎలాగూ దాటేసి ఉంటుంది కాబట్టి ఇక్కడ రుచికీ భద్రతకూ తగవు లేదు.

వెన్న రుచికి సాటి లేదన్నది ఒప్పుకోవలసిందే, కానీ అందులో 80 శాతం కొవ్వు పోను నీరు, కొద్దిపాటి పాల ఘనపదార్థాలు ఉంటాయి. ఆ ఘనపదార్థాలు 150 డిగ్రీల ప్రాంతంలోనే నల్లబడి రెండో విడత ముక్కలకు చేదు అంటిస్తాయి. వాటిని తీసేసిన నెయ్యికి ఆ బాధ లేదు. వెన్నలో కొంచెం నూనె కలిపితే మాడదన్న మాట తరచుగా వినిపిస్తుంది. అది సరికాదు, ఎందుకంటే మాడేది కొవ్వు కాదు, పాల ఘనపదార్థాలు, నూనె చేరినంత మాత్రాన వాటి స్వభావం మారదు. విడతకొకసారి పెనాన్ని తుడిచి కొత్త వెన్న వేయడమే దీనికి ఉపాయం.

పేరులో ఫ్రెంచ్ ఉన్నా ఈ ఆలోచన ఫ్రాన్స్ కంటే చాలా పాతది. అపీసియస్ పేరిట నిలిచిన ప్రాచీన రోమన్ వంటల సంకలనంలో, తెల్లరొట్టె పైపెచ్చు తీసి, పెద్ద ముక్కలుగా తుంచి, పాలలో నానబెట్టి, నూనెలో వేయించి, పైన తేనె పోసి వడ్డించే తీపి ఒకటి ఉంది. అందులో గుడ్డు ప్రస్తావన లేదు. ఫ్రెంచివారు దీన్ని పాఁ పెర్దూ, అంటే పోయిన రొట్టె అంటారు, చేయి జారిపోయిందనుకున్నది తిరిగి దక్కిందన్న అర్థంలో. జర్మనులకు ఇది ఆర్మె రిట్టర్, పేద యోధులు. స్పెయిన్‌లో తొర్రీహాస్ పేరుతో ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో చేస్తారు. 1660లో ఇంగ్లండులో అచ్చయిన రాబర్ట్ మే వంటల పుస్తకంలో ఫ్రెంచ్ టోస్ట్ అన్న పేరు కనిపిస్తుంది కానీ, అక్కడ కాల్చిన రొట్టెను నానబెట్టేది ద్రాక్షసారా, నారింజరసం, చక్కెరలలో. గుడ్డు అక్కడా లేదు.

గుడ్డు లేని ఆ రోమన్ తీపిలో పాలను పట్టి ఉంచే పని అంతా పిండిపదార్థం ఒక్కటే చేయాలి. నేడు గుడ్డు తిననివారికి చేసే టోస్ట్‌లోనూ సరిగ్గా ఇదే సమస్య, పరిష్కారమూ అందులోనే ఉంది: పాలలో మరికొంత పిండిపదార్థం కలపడం. ఇంగ్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్ 1837లో, గుడ్లు పడని భార్య కోసం, మొక్కజొన్న పిండిపదార్థంతో చిక్కబడే కస్టర్డ్ పొడిని తయారుచేశాడు. అది ఫ్రెంచ్ టోస్ట్‌కు కూడా చక్కగా పనికొస్తుంది. 200 మిల్లీలీటర్ల చల్లని పాలలో రెండు చిన్న చెంచాల కస్టర్డ్ పొడి గానీ కార్న్‌ఫ్లోర్ గానీ కలిపితే చాలు. ఆ పొడి అడుగుకు దిగిపోతుంది కాబట్టి ప్రతి ముక్కనూ ముంచే ముందు మిశ్రమాన్ని మళ్లీ కలపాలి. ఇది పూర్తిగా చిక్కబడడానికి గుడ్డు కంటే ఎక్కువ వేడి, 90 డిగ్రీలకు పైబడి, కావాలి. అందువల్ల సెగ ఇంకొంచెం తగ్గించి మరికొంతసేపు కాల్చాలి. పైపొరకు గుడ్డు ఇచ్చే రంగు మాత్రం రాదు; ఆ లోటును కొద్దిగా చక్కెర తీరుస్తుంది.

నిలవ బ్రెడ్డును మెచ్చుకున్నంత మాత్రాన పాడైన బ్రెడ్డును మెచ్చుకున్నట్టు కాదు. పాతబడడం వేరు, చెడిపోవడం వేరు. ఎక్కడైనా ఆకుపచ్చటి, నల్లటి, తెల్లటి నూగు కనిపిస్తే ఆ భాగం తీసేసి మిగిలింది వాడడం సరికాదు. బ్రెడ్డు గుల్లగా ఉండే పదార్థం; పైన మచ్చ కనిపించేసరికే బూజు పోగులు కంటికి కనబడకుండా లోపలికి పాకి ఉంటాయి. కొన్ని బూజులు విడిచే విషపదార్థాలు పెనం వేడికి నశించవు కూడా. ఇంకో రకం చెడు బూజు కంటే మోసకారి. బాసిల్లస్ సబ్టిలిస్ వంటి బాక్టీరియాల బీజాలు ఓవెన్ వేడిని తట్టుకుని, వెచ్చని తేమ వాతావరణంలో మేల్కొంటాయి. అప్పుడు బ్రెడ్డు నడుమ భాగం రంగుమారి, మరీ మగ్గిన పండులాంటి వాసన వేసి, తుంచితే జిగట దారాలు సాగుతుంది. పాతబడిన బ్రెడ్డు గట్టిపడుతుంది. చెడిన బ్రెడ్డు ఇలా మెత్తబడుతుంది. నానబెట్టిన ముక్కలను, మిగిలిన గుడ్డు మిశ్రమాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ముక్కలు ముంచిన మిశ్రమాన్ని మర్నాటికి దాచడం కంటే, అదే పెనంమీద పోసి అట్టులా కాల్చేయడం నయం.

ఒకేసారి ఎక్కువ చేసి దాచుకోవచ్చా అంటే, కాల్చినవాటిని నిశ్చింతగా దాచవచ్చు. పూర్తిగా చల్లారాక ఒకదానికొకటి అంటకుండా పరిచి డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తరవాత సంచిలో వేసి మూస్తే కొన్ని వారాలు నిలుస్తాయి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటాయి, కానీ అక్కడ కథ మళ్లీ మొదటికి వస్తుంది: కస్టర్డ్‌ను పీల్చుకున్న పిండిపదార్థం ఆ చల్లదనానికి తిరిగి వరస కట్టడం మొదలుపెట్టి, ముక్క రెండోసారి బిరుసెక్కుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడుతుంది గానీ పైపొర తడిసి, గుడ్డు రబ్బరులా బిగుస్తుంది. టోస్టర్‌లో వేడిచేసినా, 180 డిగ్రీల ఓవెన్‌లో ఏడెనిమిది నిమిషాలు ఉంచినా లోపలి బిరుసు కరుగుతుంది, పైపొర మళ్లీ కరకరలాడుతుంది.